ఏనుగు బావి నీళ్ళు

ఒకానొక రాజ్యంలో పట్టపుటేనుగు తాగే నీళ్ళు వేరు, పట్టణంలో మనుషులు తాగే నీళ్ళు వేరు. ఆ రాజ్యం పేరు పేరంకోట. దాన్ని ఏలేవాడు భువనకేతుడు. చెడ్డవాడు కాదు, పాపం. కానీ తన గొప్ప తాను వినందే పూట గడవని మనిషి.

కోట వెనక ఒక ఊటబావి ఉండేది. రోళ్ళు పగిలే ఎండల్లో కూడా అందులో కొబ్బరినీళ్ళలాంటి నీళ్ళు ఊరేవి. పూర్వం ఊరంతా అక్కడే కడవలు నింపుకునేది. భువనకేతుడికి పట్టాభిషేకమైన ఏడు మంత్రి సూరనామాత్యుడు, "పట్టపుటేనుగు జలకమాడే చోట ఊరివాళ్ళ కడవలేమిటి!" అని బావి చుట్టూ గోడ కట్టించి, తలుపుకు తాళం వేయించాడు. తాళంచెవి తన మొలకు కట్టుకున్నాడు. ఏనుగు వేళకు మావటికి మాత్రం తలుపు తీయించేవాడు.

ఇక కుమ్మరివీధికీ మేదరివీధికీ కాలువే గతి అయింది. కాలువలో ఎగువన గుర్రాలను కడిగేవారు. దానికి కాస్త దిగువన బట్టలు ఉతికేవారు. ఇంకా దిగువన వీళ్ళు కడవలు ముంచుకునేవారు. ఏం చేస్తారు, దాహానికి రోషం ఉండదు కదా.

మంత్రి మాత్రం ఆరితేరినవాడు. వేసవి రాగానే రాజుగారి పేర కోటవాకిట చలివేంద్రం పెట్టించేవాడు. పోసేవి కాలువ నీళ్ళే. అయితే కుండ లోపల చిల్లగింజ అరగదీయించేవాడు. దాంతో మురికంతా అడుక్కి దిగిపోయి నీళ్ళు అద్దంలా తేరేవి. కాలువ కంపు తెలియకుండా వట్టివేళ్ళు వేయించేవాడు. పక్కనే ఒక భటుడు నిలబడి, "రాజుగారు తాగే నీళ్ళే ప్రజలూ తాగుతారహో!" అని కేక పెట్టేవాడు. ఆ కేక మేడమీదికి వినబడేది. రాజుగారు మీసం సవరించుకునేవారు.

ఆ చలివేంద్రంలో నీళ్ళు పోసే మనిషి ఓబులమ్మ. కుమ్మరివీధి ముసలావిడ. పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా బాటసారుల దోసిళ్ళలో నీళ్ళు పోస్తూ, "చల్లగా ఉండు నాయనా" అనడమే ఆమె పని.

ఆ ఏడు వైశాఖంలో చలివేంద్రంలో నీళ్ళు తాగిన ముగ్గురికి వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. కుమ్మరివీధిలో ఇలాంటివి ఏటా ఉన్నవే, ఎవరూ పట్టించుకున్నది లేదు. ఈసారి పడ్డవాళ్ళలో ఒకడు పొరుగు రాజు పంపిన రాయబారి. సభలో గగ్గోలు పుట్టింది.

"నీళ్ళకేం దోషం లేదు ప్రభూ. ఆ ముసలిదే వాటిలో ఏదో కలిపింది" అన్నాడు మంత్రి.

"దాన్ని నిర్బంధించండి. రేపు విచారించి పొలిమేర దాటిస్తాం" అన్నాడు రాజు. విచారణ కాకముందే శిక్ష ఖాయమైపోయిందన్నమాట!

డెబ్బై ఏళ్ళ మనిషి ఆ మండుటెండలో పొలిమేర దాటి ఎక్కడికి పోతుంది? ఆ మాట అడిగినవాడు సభలో ఒక్కడూ లేడు. సగంమంది మంత్రి మోచేతి కింద నీళ్ళు తాగేవాళ్ళే.

ఆ సభలోనే బయ్యన అని ఒకడు ఉండేవాడు. రాజుగారిని నవ్వించడం అతని కొలువు. పుట్టింది కుమ్మరివీధిలో. తల్లి లేని రోజుల్లో ఓబులమ్మ పోసిన గంజి తాగి పెరిగాడు. సభ చాలించగానే ఆమెను ఉంచిన కొట్టు దగ్గరికి పోయాడు.

"ఏం కలిపావే అవ్వా, నీళ్ళలో?" అన్నాడు, ఆమె మొహంలో కాస్త నవ్వు చూద్దామని.

"నేనేం కలుపుతానురా? వాళ్ళు తెచ్చి నింపుతారు, నేను వంచి పోస్తాను. నేనూ అవే తాగుతున్నాను" అంది ఓబులమ్మ. మళ్ళీ అంది: "నిరుడు నా మనవరాలు ఆ కాలువ నీళ్ళకే పోయింది. అప్పుడు ఏ రాజూ విచారణ పెట్టలేదురా బయ్యా."

బయ్యన అక్కణ్ణుంచి లేచాడు. తిన్నగా మావటి కొండయ్య దగ్గరికి నడిచాడు.

మర్నాడు సభ నిండుగా ఉంది. ఓబులమ్మను తెచ్చి నిలబెట్టారు. అంతలో బయ్యన, వెనకే కొండయ్య, చెరొక కొత్తకుండ మోసుకుంటూ వచ్చారు.

"ఏమిటిరా ఈ వేషం?" అన్నాడు రాజు.

"తీర్పుకు ముందు చిన్న మనవి, ప్రభూ. నీళ్ళలో దోషం ఉందా లేదా అన్నది కదా తగవు? ఒక కుండలో మీ ఏనుగు బావి నీళ్ళున్నాయి, ఒక కుండలో కాలువ నీళ్ళున్నాయి. ఏవి తాగదగినవో పెద్దలు చెప్పాలి."

రెండు వెండి గిన్నెల్లో నీళ్ళు వంచాడు. ఒక గిన్నెలో నీళ్ళు ఎర్రగా, వానాకాలపు గుంటలోవిలా ఉన్నాయి. రెండో గిన్నెలోవి తళతళా మెరుస్తూ, గుప్పున వట్టివేళ్ళ వాసన వేస్తున్నాయి.

"దీనికి పెద్దలెందుకురా? పసిపిల్లాడైనా చెబుతాడు!" అని రాజు తేటనీళ్ళ వైపు వేలు చూపించాడు.

"ప్రభువుల చూపు గరుడుడి చూపు!" అన్నాడు మంత్రి.

రాజవైద్యుడు వంగి వాసన చూసి, "దివ్యం! ఇవి రోగికి ఔషధంగా ఇవ్వదగినవి" అన్నాడు.

ఇంతమంది మెచ్చాక రాజు ఆగుతాడా? గిన్నె ఎత్తి పెదవి దాకా తీసుకుపోయాడు.

"ఆగండి ప్రభూ!" అని బయ్యన గిన్నెకు చెయ్యి అడ్డుపెట్టాడు. "నేను పరిహాసం ఆడేవాణ్ణే గాని రాజద్రోహిని కాను. ఇవే కాలువ నీళ్ళు. ఇవాళ పొద్దున మీ భటులు చలివేంద్రంలో నింపి తేర్చాక వాళ్ళ చేతనే ఈ కుండలోకి వంపించాను. ఓబులమ్మ నిన్నటి నుంచి మీ కొట్టులోనే ఉంది. ఆమె చెయ్యి వీటికి తగలనే లేదు."

రాజు గిన్నె దించాడు. మంత్రి లేచి, "అయితే ఇంకేం, ముసలిదాని చెయ్యి తగల్లేదు కనక ఇవి మంచినీళ్ళే!" అన్నాడు.

"చిత్తం. మరి తమరే ఒక్క గుక్క తాగితే నేను నోరు మూసుకుంటాను" అన్నాడు బయ్యన.

గిన్నె మంత్రి చేతికి వచ్చింది. ఆయన దాన్ని చూశాడు. సభ ఆయన్ను చూసింది.

"తాగేవాణ్ణే... కానీ ఇవాళ ఏకాదశి. నాకు నిర్జల ఉపవాసం."

ఆస్థాన జ్యోతిష్కుడు ముసలివాడు. లోకం పట్టదు గాని తిథి తప్పితే ఓర్చుకోలేడు. "ఇవాళ పంచమి కదండీ! ఏకాదశికి ఇంకా ఆరు రోజులుంది" అన్నాడు గట్టిగా.

అప్పుడు మావటి కొండయ్య చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. "ఏలినవారు మన్నించాలి. మంత్రిగారింటికి రోజూ నాలుగు కావిళ్ళు ఏనుగు బావి నుంచే ఎల్తాయండి. మోసేది మా తమ్ముడే."

బయ్యన ఎర్రనీళ్ళ గిన్నె ఎత్తి గడగడా తాగేసి మూతి తుడుచుకున్నాడు.

"ఇవి బావి నీళ్ళు ప్రభూ. చిటికెడు రాగిపిండి కలిపానంతే. చిల్లగింజ మురికిని అడుక్కి దించుతుంది గాని రోగాన్ని దించలేదు. ఆ సంగతి మంత్రిగారికి తెలుసు, అందుకే తాగలేదు. తెలియక తాగినవాళ్ళు పడ్డారు. పోసిన పాపానికి ఈవిడ ఇక్కడ నిలబడింది."

"అయితే... నేను తాగే నీళ్ళే ప్రజలూ తాగుతారని రోజూ అరుస్తున్నారే, అది?" అన్నాడు రాజు.

"అదీ నిజమయ్యేదే ప్రభూ. ఇంకొక్క గుక్కలో తప్పిపోయింది."

రాజు మొహం ఎర్రబడింది. బయ్యన పని అయిపోయిందనుకున్నారు అందరూ. కానీ రాజుగారి పొట్ట ముందుగా కదిలింది, తర్వాత మీసాలు, తర్వాత సింహాసనమే కదిలేంత నవ్వు. "పంచమి నాడు ఏకాదశట! ఔషధమట! గరుడుడి చూపట! ఒరేయ్ బయ్యా, నీ చేతిలో నేను కూడా బాగానే వెర్రివాణ్ణయ్యాను. ఓబులమ్మ నిర్దోషి. ఏం కావాలో కోరుకో!"

"కుమ్మరివీధి, మేదరివీధి జనాన్నందర్నీ పట్టపుటేనుగులుగా ప్రకటించండి ప్రభూ."

"అదేం కోరికరా!"

"ఆ బావి నీళ్ళు ఏనుగులకు తప్ప ఇవ్వరు కదా. మావాళ్ళకు తొండాలు లేవు గాని దాహం ఉంది."

రాజు మళ్ళీ నవ్వబోయి ఓబులమ్మ వైపు చూశాడు. "నువ్వేమంటావు అవ్వా?"

"ఏనుగుదేముంది నాయనా, కాలువలో దింపితే మురిసిపోతుంది" అంది ఓబులమ్మ. "ఆ కాలువ తాగి మా పసిబిడ్డలు పోతున్నారు. నా మనవరాలికి నాలుగేళ్ళు."

రాజుకు నవ్వు రాలేదు. మంత్రి మొలనున్న తాళంచెవి తీయించి ఓబులమ్మ చేతిలో పెట్టాడు. తర్వాత, "తాళంచెవి కూడా ఎందుకు, ఆ గోడే పడగొట్టండి" అన్నాడు. గుర్రాలను కడిగే రేవు ఊరికి దిగువకు మార్పించాడు. బయ్యనకు తన భుజం మీది పట్టుశాలువా కప్పాడు. సూరనామాత్యుడికి ఆ వేసవంతా చలివేంద్రంలో ఓబులమ్మ కింద కొలువు ఇచ్చాడు. ప్రతి కుండలోనూ మొదటి గుక్క తాను తాగి, ఆ తర్వాతే జనానికి పోయాలి. ఆ ఏడు మంత్రిగారికి ఒక్క ఏకాదశీ రాలేదు.

మర్నాడు రాజు తానే చలివేంద్రానికి వచ్చి వెండి గిన్నె చాపాడు.

"గిన్నె కాదు నాయనా, దోసిలి పట్టు" అంది ఓబులమ్మ.

రాజుకు దోసిలి పట్టడం రాదు. సగం నీళ్ళు నోట్లోకి, సగం మోచేతుల మీదుగా పట్టుబట్టల్లోకి పోయాయి. తడిసి ముద్దై, పకపకా నవ్వుతూ రెండోసారి దోసిలి చాపాడు.

అలవాటు చొప్పున పక్కనున్న భటుడు కేక పెట్టబోయాడు.

"నువ్వు ఊరుకోరా, చూస్తున్నారుగా" అన్నాడు రాజు.