నీళ్ళు తొణకని స్కూటరు

పిల్లలూ, ఈ కథ మీకెవరూ చెప్పి ఉండరు. మనం ఉంటున్న చోట బళ్ళు చప్పుడే చెయ్యవు. రాత్రి గోడలోని కరెంటుకి తగిలించి పొద్దున్న తీసుకుపోతారు. కాబట్టి ముందొక సంగతి చెప్పాలి. ఒకప్పటి స్కూటరుకి ఉత్త పెట్రోలు పోస్తే సరిపోయేది కాదు, అందులో కొలిచి నూనె కలపాలి. ఆ నూనె కూడా కాలుతుంది కనక వెనకనుంచి కాస్త నీలం పొగ వస్తూనే ఉంటుంది. ఇంజను దగ్గర ఒక చిన్న స్క్రూ ఉంటుంది. ఒకవైపు తిప్పితే లోపలికెళ్ళే పెట్రోలు పెరుగుతుంది, ఇంకోవైపు తిప్పితే తగ్గుతుంది. బండి సరిగ్గా తిరగడం లేదనుకుంటే ఆ స్క్రూని ఎవరింట్లో వాళ్ళే తిప్పుకునేవాళ్ళు. మీరు మాత్రం పెద్దవాళ్ళు పక్కన లేకుండా ఏ బండి మూతా తియ్యకండి. ఈ మాట కథలోది కాదు, నాది.

మాడుగులలో దాలినాయుడు మాస్టారని ఒకాయన ఉండేవారు. హైస్కూల్లో డ్రాయింగు చెప్పి రిటైరయ్యారు. తత్వం తెలిసిన మనిషని ఊళ్ళో పేరు. ఆదివారం పొద్దున్నే ఆయన ఖాళీ అయిన పశువులశాలలో తన పాత స్కూటరు విప్పుకుని కూర్చుంటే, నలుగురూ చుట్టూ చేరి మనసులో మెదిలే ప్రశ్నలు అడిగేవారు. ఆయనకొక అలవాటుండేది. ప్రశ్న వినగానే జవాబు చెప్పేవారు కాదు. "ఆ పదో నంబరు పానా ఇలా అందుకో" అనేవారు. పానాలు అందిస్తూ అందిస్తూ కూర్చుని చాలామంది భోజనాల వేళకి లేచి వెళ్ళిపోయేవారు. జవాబు దొరికిందో లేదో వాళ్ళకే తెలియాలి.

అలా వచ్చేవాళ్ళలో వరహాలమ్మ ఒకావిడ. అదే హైస్కూల్లో లాబ్ అసిస్టెంటు. కడిగిన గాజుగొట్టాన్ని వెలుతురుకి పట్టి చూసి, మళ్ళీ కడిగే మనిషి. భర్త పోయాక కూతురు పైడిని కూడా అంత జాగ్రత్తగానూ పెంచింది. పైడి నర్సు చదువు పూర్తి చేసింది. పాడేరు దాటాక కొండమీద ఒక చిన్న ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. సోమవారం పొద్దుటికి వెళ్ళి చేరకపోతే అది జాబితాలో వెనకనున్నవాళ్ళకి పోతుంది. ఊరూరూ తిరిగి బాలింతల్ని చూసే పని కనక బండి ఉండి తీరాలి. తండ్రి వదిలివెళ్ళిన స్కూటరు ఉంది. దాన్ని పైడి నడపగలదు కూడా. అయితే బండి ఇంకా సరిగ్గా లేదని వరహాలమ్మ అంటుంది.

దాన్ని సరిచెయ్యడానికి ఆవిడకొక పద్ధతి ఉంది. బండిని స్టాండు మీద నిలబెట్టి, కాళ్ళు పెట్టుకునే చోట బీకరు నిండా నీళ్ళు పెట్టి, ఇంజను తిరుగుతూ ఉండగా నీటి మీద ముడతలు పోయేదాకా ఆ చిన్న స్క్రూని పెట్రోలు తగ్గేవైపు రవ్వంత రవ్వంత తిప్పేది. పొగంటే ఆవిడకి పడదు. సైలెన్సరు దగ్గర తెల్లగుడ్డ పట్టి చూసేది. గుడ్డకి మరక పడిందంటే పని మళ్ళీ మొదటికొచ్చినట్టే. ముందు వారమే వెళ్ళాల్సిన పైడి అందుకే ఇంకా ఇంట్లో ఉంది.

ఆ ఆదివారం తల్లీ కూతుళ్ళిద్దరూ స్కూటరు తోసుకుంటూ మాస్టారింటికి వచ్చారు. మాస్టారు బాగుందంటే ఇవాళే బయల్దేరు అని వరహాలమ్మ మాటిచ్చింది. ఆ మాట పట్టుకుని పైడి సంచీ, పరుపుచుట్టా ముందే బండికి కట్టేసింది.

"ఏటమ్మా, దారిలో ఆగిపోయిందా?" అన్నారు మాస్టారు.

"లేదు మాస్టారూ, శుభ్రంగా ఉంది," అంది పైడి నుదుటి మీద చెమట తుడుచుకుంటూ. "నడిపితే కుదిరిందంతా చెడిపోద్దని అమ్మ తోయించింది."

అక్కడున్నవాళ్ళు నవ్వారు. వరహాలమ్మ నవ్వలేదు. "మీ చెవికి చూపిద్దామని తెచ్చాను మాస్టారూ. కానీ ముందు మిమ్మల్నొకటి అడగాలి. పిల్ల సిద్ధంగా ఉందని తల్లికి ఎలా తెలుస్తుంది? చదువు చెప్పించాను. వంట నేర్పాను. చీకటి పడకుండా ఇంటికి రావడం నేర్పాను. అయినా ప్రతిరోజూ ఏదో మిగిలిపోయినట్టే ఉంటుంది. ఇంక చాలు, పంపించు అని లోపల్నించి ఒక మాట వినపడాలి కదా. నాకు వినపడటం లేదు."

మాస్టారు ఆ రోజు పానా అడగలేదు. చేతులు గుడ్డకి తుడుచుకుని, "ఏదీ, బండి వినిపించు" అన్నారు.

వరహాలమ్మ సంచీలోంచి బీకరు తీసి నీళ్ళు నింపి పెట్టింది. పైడి కిక్కు కొట్టింది. నిజంగానే అది వినదగిన చప్పుడు. ఎక్కడా దగ్గు లేదు, తడబాటు లేదు. కుట్టుమిషను మెత్తటి గుడ్డ మీద నడిచినట్టు ఉంది. సైలెన్సరు దగ్గర గాలి వణుకుతోంది గానీ పొగ ఆనవాలు లేదు. బీకరులో నీళ్ళు అద్దంలా ఉన్నాయి. మాస్టారు కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నారు.

"ఇంత నెమ్మదిగా తిరిగే ఇంజను నా చేతిలో ఎప్పుడూ లేదు వరహాలమ్మా," అన్నారు చివరికి. ఆవిడ ముఖం వెలిగింది, ఆ వెంటనే పాలిపోయింది. బాగుందంటే ఇవాళే అని తనే అంది మరి. మాస్టారు బీకరు వైపు చూశారు. "అయితే దీనిమీద ఊరెళ్ళేది నీళ్ళా, పిల్లా?"

మళ్ళీ నవ్వులు.

"ఏదీ, ఒకసారి నువ్వెక్కి ఆ సందు చివరిదాకా వెళ్ళిరా."

"నాకు నడపడం రాదు మాస్టారూ," అంది వరహాలమ్మ. "సరిచెయ్యడమే వచ్చు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. తన నోట వచ్చిన మాట ఆవిడకే కొత్తగా వినపడింది. "అలాగైతే వెనక కూర్చో," అన్నారు మాస్టారు. "ఘాటీ మొదటి మలుపుదాకా వెళ్ళొద్దాం. నేను నా బండి మీద వస్తాను."

కొండ దారి ఊరు దాటిన కాసేపటికే మొదలవుతుంది. మైదానం మీద పైడి నడిపినంతసేపూ బండి బాగానే పోయింది. ఎత్తు మొదలై మొదటి మలుపు వచ్చింది. మలుపులో రేసు తగ్గించి మళ్ళీ ఇచ్చేసరికి ఇంజను గుటక పడనట్టు ఒకసారి ఎగవూపిరి తీసి ఆగిపోయింది. వరహాలమ్మకి గుండె తేలికపడింది. తేలికపడినందుకు వెంటనే సిగ్గు కూడా వేసింది.

"చూశావా? నేనన్నానా," అంది పైకి. "ఇంకా కుదరలేదు. పద ఇంటికి."

"రేపు చేరాలమ్మా," అంది పైడి.

మాస్టారు తన బండి మీద పొగ వదులుకుంటూ, దడదడమంటూ వచ్చి ఆగారు. ఏమైందని అడగలేదు. కల్వర్టు మీద కూర్చుని జేబులోంచి వేరుశనగల పొట్లం తీశారు. వరహాలమ్మ తనకి తెలిసిన పని చేసింది. చదునుగా ఉన్నచోట బండి స్టాండు వేయించి, వెంట తెచ్చుకున్న బీకరులో నీళ్ళు పోసి, స్క్రూ తిప్పింది. ఎండ నెత్తి మీదికొస్తోంది. కాసేపటికి నీళ్ళు అద్దమయ్యాయి. ఆశగా ఎక్కింది. అదే మలుపులో, అదే చోట బండి మళ్ళీ ఆగిపోయింది. దిగి మళ్ళీ మొదలుపెట్టబోయి బీకరు కోసం చూస్తే అది మాస్టారి దగ్గరుంది. అందులోని నీళ్ళు తాగేసి, వలిచిన వేరుశనగ పప్పులు పోసుకుంటున్నారు.

"మాస్టారూ, అది నా..."

"తినమ్మా," అని ఆయన బీకరు ముందుకు చాపారు.

పైడి అప్పుడంది: "అమ్మా, స్టాండు వద్దు. ఎక్కి కూర్చో. స్క్రూడ్రైవరు నీ చేతిలో ఉంచుకో, నేను అడిగినప్పుడు ఇయ్యి."

"నేనెందుకే ఎక్కడం? దిగి చూస్తాను."

"బరువుండాలి."

"ఏటే, నేను బరువా?"

"ఇవాళ్టికి నువ్వే బరువు. ఎక్కు."

పైడి బండి స్టార్టు చేసి ఎత్తు మీద నాలుగు గజాలు పోనిచ్చి, ఇంజను తడబడగానే బ్రేకు పట్టి, వెనక్కి చెయ్యి చాపింది. ఆపరేషను గదిలో డాక్టరు చాపినట్టు చాపింది. వరహాలమ్మ స్క్రూడ్రైవరు ఆ చేతిలో పెట్టింది. పైడి ఒక కాలు నేలమీద ఆనించి, పక్కకి వంగి స్క్రూని పెట్రోలు పెరిగేవైపు కొంచెం తిప్పి, తిరిగి తల్లి చేతికిచ్చింది. మళ్ళీ నాలుగు గజాలు. మళ్ళీ చెయ్యి. మొదట్లో వరహాలమ్మ ఆ చేతినే చూస్తూ, ఎక్కువ తిప్పేస్తుందేమో, మర తెగిపోతుందేమో అని తనలో తను గొణుక్కుంది. తరవాత ఆవిడ చెవి ఇంకో సంగతి పట్టుకుంది. ఇన్నాళ్ళూ ఈ ఇంజనుని ఆవిడ నేలమీద కూర్చుని విన్నది. సీటు మీదనుంచి ఎప్పుడూ వినలేదు. ఇక్కడ అది చెవికి వినపడేకంటే నడుములో, మోకాళ్ళలో ఎక్కువ తెలుస్తోంది. ఎక్కడ ఇంజనుకి పెట్రోలు అందడం లేదో, ఎక్కడ అందుకుంటోందో ఒళ్ళే చెబుతోంది.

"ఇప్పుడు గొంతు మారింది," అంది వరహాలమ్మ, తనకి తెలియకుండానే.

"నీకూ తెలిసిందా?"

"తెలియకపోవడమేమిటి. ఇంకొంచెం తిప్పు. అయ్యో, పొగ! పైడీ, పొగ వస్తోంది!"

"రానీ అమ్మా. కొండెక్కేవాళ్ళకి ఆయాసం రాదేటి?"

వరహాలమ్మ వెనక్కి తిరిగి ఆ నీలం పొగని చూసింది. ముక్కు మూసుకోవాలని కూడా తోచలేదు. ఇంత చెడ్డ చప్పుడుతో, ఇంత వణుకుతో ఈ బండి ఇంత బలంగా ఎలా లాగుతోందన్న వింతలోనే ఉంది. మలుపు వచ్చింది. పైడి రేసు తగ్గించింది, మళ్ళీ ఇచ్చింది. బండి ఒక్కసారి తల విదిలించినట్టు ఊగి, పరుపుచుట్టతోనూ, తల్లితోనూ కలిపి మలుపు దాటేసింది.

పైన కాస్త వెడల్పుగా ఉన్నచోట పైడి ఆపింది, ఇంజను ఆర్పలేదు. "దిగమ్మా. ఇంక నేనిటే పోతాను. కిందకి దిగితే మళ్ళీ ఎక్కాలి కదా. నిన్ను మాస్టారు దింపుతారు."

వరహాలమ్మ దిగింది. చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. మలుపుల్లో హారను కొట్టమనాలి. కాచని నీళ్ళు తాగొద్దనాలి. చున్నీ చక్రంలో పడకుండా ముడి వేసుకోమనాలి. ఆ చివరిది ఒక్కటే నోటివెంట వచ్చింది. పైడి అక్కడే చున్నీ ముడి వేసి చూపించి, నవ్వి, గేరు వేసింది.

బండి రెండో మలుపు తిరిగింది. చప్పుడు కొండ చాటున పోయింది, మళ్ళీ పైనెక్కడో వినపడింది, మళ్ళీ పోయింది. దారి మీద మిగిలిన పొగ కూడా గాలికి విడిపోయింది. వరహాలమ్మ తల ఒక పక్కకి వంచి వింటూనే నిలబడింది. ఇంక చాలు, పంపించు అనే ఆ లోపలి మాట అప్పటికీ వినపడలేదు. పిల్ల మాత్రం వెళ్ళిపోయింది.

మాస్టారు తన బండి మీద వచ్చి పక్కన ఆపారు. సరిగ్గా అప్పుడే కిందినుంచి పాడేరు బస్సు ముక్కుతూ మూలుగుతూ పైకొస్తోంది. ఆలోచించకుండానే వరహాలమ్మ చెయ్యెత్తింది. బస్సు ఆగింది. మెట్టు మీద కాలు పెట్టి కమ్మీ పట్టుకోబోయింది. చెయ్యి పట్టలేదు. చూసుకుంటే పిడికిట్లో స్క్రూడ్రైవరు ఉంది.

"ఎక్కండమ్మా, ఇక్కడ ఎక్కువసేపు ఆపకూడదు," అన్నాడు కండక్టరు.

"ముందు మా అమ్మాయి స్కూటరు మీద వెళ్తోంది బాబూ. ఇది లేకుండా వెళ్ళిపోయింది. దారిలో బండికి ఏమైనా అయితే దాని చేతిలో ఏమీ లేదు. ఉండు, ఎక్కుతున్నాను."

"స్క్రూడ్రైవరు వెళ్తే చాలు వరహాలమ్మా, కండక్టరుకియ్యి," అన్నారు మాస్టారు.

పిల్లలూ, ఆవిడ కాలు మెట్టు మీదనుంచి ఎంతసేపటికి దిగిందో నాకు చెప్పినవాళ్ళు చెప్పలేదు. తెలియనిది కల్పించి చెప్పడం నాకు ఇష్టం లేదు. మీ పిల్లలు మీ ఇల్లు దాటి బయల్దేరే రోజు ఒకటి వస్తుంది. ఆ రోజుకంటే ముందే వాళ్ళకి ఈ కథ చెప్పండి. అంతకంటే ముందు మీరు బయల్దేరే రోజు వస్తుంది కదా, అప్పుడు నేను గుమ్మంలో ఇంకా ఏదో సర్దుతూ కనిపిస్తే, నాకు కూడా ఒకసారి చెప్పండి.