మీసాల పిల్లలకోడి

అనగనగా అంటే మరీ అంత పాతకాలమేమీ కాదు. ఇళ్లకు కరెంటు వచ్చేసింది గానీ, కోళ్లు మనుషులతో మాటలు ఇంకా మానెయ్యలేదు. అలాంటి కాలంలో మాఘ బహుళ విదియ, బుధవారం, ఉదయం ఎనిమిదీ ఇరవైకి, గంగులపాలెంలో భూషణం ఇంటి వసారాలో పట్నం నుంచి వచ్చిన పెట్టె ఒకటి దిగింది.

అది గుడ్లు పొదిగే పెట్టె. లోపల బల్బు, ముందర అద్దం, పక్కన వేడి చూపించే ముల్లు.

భూషణం మీసం దువ్వుకుంటూ భార్యను పిలిచాడు. "పేరంటాలూ, చూశావా! ఇక మీ రత్తాలు గడ్డం పట్టుకు బతిమాలక్కర్లేదు."

రత్తాలంటే ఆ ఇంటి ఎర్రపెట్ట. భూషణం తల్లి కాపురానికొస్తూ చంకలో పెట్టుకొచ్చిన కోడి వంశం. ఆ ఏడు కొక్కెర తెగులు వచ్చి గూడంతా ఊడ్చుకుపోయింది. పుంజు కూడా దక్కలేదు. మిగిలింది రత్తాలూ, అప్పటికే అది పెట్టిన గుడ్లూ. ఆ గుడ్లు మురిగితే ఆ వంశం అంతటితో సరి.

రత్తాలు ఒంటిమీది ఈకలన్నీ ఉబ్బించి, "నేను పొదుగు మీదున్నాను. నా గుడ్ల జోలికొస్తే చేతులు పొడుస్తాను, ఆపైన మీ ఇష్టం" అంది.

పెట్టె నవ్వింది. "నేను పొడవను. రెట్ట వెయ్యను. వేడి గీత దాటనివ్వను."

"కరెంటు పోతేనో?" అంది రత్తాలు.

పెట్టె తన ముల్లు అటు తిప్పుకుంది.

"పంతాలెందుకయ్యా?" అంది పేరంటాలు. "సగం దానికి, సగం దీనికి. ఆ అమ్మవారు ఎవరికి ఎన్ని ప్రసాదిస్తే అన్ని."

అని, వెదురుగంపలో బూడిద పోసి, గడ్డి పరిచి, తన వంతు గుడ్లు పేర్చింది. ఉరుములకు గుడ్లు చెడకుండా ఓ ఇనుపమేకు, ఓ బొగ్గుముక్క, రెండు ఎండుమిరపకాయలు పక్కన పెట్టింది.

భూషణం పకపకా నవ్వాడు. "గుడ్లకు పోపు పెడుతున్నావా ఏంటి?"

"మా అత్తగారు నేర్పారు. అంటే మీ అమ్మే."

భూషణం నవ్వు మీసంలోనే ఆగిపోయింది.

మొదటి వారం కరెంటు పోయింది. పోయిన కరెంటు పోయినట్టే ఉంది. భూషణం తన దుప్పటి తెచ్చి పెట్టెకు కప్పి, కరెంటు తిరిగొచ్చేదాకా దాన్ని కావిలించుకుని కూర్చున్నాడు.

రెండో వారం అద్దం ఆవిరి లేక పొడిబారింది. వేడి నీళ్ల గిన్నె పెట్టాడు. గిన్నె ఆరిపోతుంటే మళ్లీ నింపాడు. గుడ్లను అటూ ఇటూ తిప్పాడు. రత్తాలైతే కూర్చున్నచోటు కదలకుండానే ముక్కుతో తిప్పుకుంటోంది.

మూడో వారం బావమరిది గున్నేశు వచ్చాడు. "బావా, తిరనాళ్లకు బండి కట్టాం. రావా?"

"ఎలా వస్తాన్రా? పొదుగులో ఉన్నాను."

ఆ మాట తిరనాళ్లకు బండికన్నా ముందే చేరింది.

రత్తాలు గంప దిగి, నాలుగు గింజలు తిని, దుమ్ములో పొర్లి, తిరిగొస్తూ భూషణం దగ్గర ఆగింది. "అయ్యా, నేనైనా రోజుకోసారి లేస్తున్నాను. నువ్వు స్నానం చేసి ఎన్నాళ్లయింది?"

ఆఖరికి గుడ్లు పగిలాయి. గంపలోనివీ, పెట్టెలోనివీ ఒక్కరోజే పగిలాయి. నిజం చెప్పుకోవాలి. రత్తాలు తొందరలో ఒక గుడ్డు మీద కాలేసి చితగ్గొట్టింది. పెట్టెలో ఒక్కటీ పోలేదు.

"ఎవరు గెలిచారు?" అన్నాడు భూషణం, అద్దంలో మొహం పెట్టి. లోపలి పిల్లలు తడి తలలెత్తి చూశాయి. లోకంలో వాటికి మొదట కనబడింది ఆ మీసం. అదే తల్లి అనుకున్నాయి.

ఇక చూడాలి! భూషణం చేలోకి పోతే పిల్లలు వరసగా చేలోకి. మంగలి గవరయ్య ముందు కూర్చుంటే కుర్చీ కింద కిచకిచ. గవరయ్య కత్తి ఆపి, "మీసం తియ్యమంటారా, పిల్లలు గుర్తుపట్టవేమో?" అన్నాడు. దారిలో ఆడవాళ్లు పక్కకు తప్పుకుంటూ, "పిల్లలకోడి వస్తోంది, జాగ్రత్త, పొడుస్తుంది!" అన్నారు. రామకోవెల భజనలోనూ అదే వరస. పూజారిగారు మెల్లిగా, "భూషణంగారూ, ఇవాళ తాళాలు కాస్త ఎక్కువయ్యాయి" అన్నారు.

భూషణానికి సిగ్గుగానే ఉంది. లోలోపల కాస్త ముద్దుగానూ ఉంది.

ఒక మధ్యాహ్నం పెరట్లో నీడ ఒకటి జారింది. గద్ద!

రత్తాలు గొంతు మార్చి "క్ర్ర్ర్" అంది. అంతే, దాని పిల్లలు రెక్కల కింద మాయం.

పెట్టె పిల్లలకు ఆ పిలుపు తెలియదు. అవి తలలెత్తి భూషణాన్ని చూశాయి. భూషణం ఏమనాలో తెలియక, "ఒరేయ్! అమ్మా! రండర్రా!" అని ఏవేవో అరిచాడు. పిల్లలు కదల్లేదు. గద్ద దిగుతోంది. ఇక లాభం లేదని పంచె రెండు చెంగులూ చాచి, వాటి మీద గొంతుక్కూర్చుని, కండువా గిరగిరా తిప్పాడు. గద్ద కండువా తన్నుకుపోయింది.

గోడ అవతల గున్నేశు అంతా చూశాడు. నవ్వుదామనుకున్నవాడు బావ మొహం చూసి నవ్వలేకపోయాడు.

భూషణం పంచె కింద పిల్లలన్నీ క్షేమం. వాటిని పంచెలో పోగేసుకుని పెళ్లాం దగ్గరికి వచ్చాడు.

"పేరంటాలూ," అన్నాడు, "వేడి ఇచ్చాను, నీళ్లిచ్చాను, నిద్ర మానుకున్నాను. గద్దొస్తే ఏమని పిలవాలో నాకు రాదే. ఇంకోసారొస్తే మా అమ్మ తెచ్చిన వంశం నా చేతుల్లోనే పోతుంది. నేను ఓడిపోయాననే అనుకో. వీటిని బతికించు."

పేరంటాలు ఎత్తిపొడవలేదు. "ఓడిందెవరయ్యా? పంచె చాచకపోతే ఇవి ఉండేవా? పట్టపగలు ఇస్తే రత్తాలు పరాయి పిల్లలని పొడుస్తుంది. అసురసంధ్య వేళ దాకా ఆగు."

దీపం పెట్టి, దణ్ణం పెట్టుకుని, మసకలో ఒక్కొక్క పిల్లనూ రత్తాలు రెక్కల కిందికి జార్చింది.

రత్తాలు ఒక కన్ను తెరిచింది. "ఏమిటమ్మా, నా పిల్లలు ఎక్కువైనట్టున్నాయి?"

"దీపం పెట్టిన వేళ వచ్చాయి తల్లీ. కాదనకు."

"నాకు లెక్కలు రావులే. రెక్కలొచ్చు" అని, ఇంకాస్త విప్పారి, కన్ను మూసుకుంది.

మర్నాడు పొద్దున్న రత్తాలు అన్నింటినీ వెంటేసుకుని పెరట్లోకి దిగింది. భూషణం నూకలు చల్లాడు. పిల్లలు తిన్నాయి గానీ అతని వెంట ఒక్కటీ రాలేదు. ఒకటి మాత్రం ఆగి, మీసం వైపు తల వాల్చి చూసి, రత్తాలు "క్లుక్" అనగానే పరుగెత్తింది.

"ఆడపిల్లను అత్తారింటికి పంపినట్టుందే" అన్నాడు భూషణం.

"అయితే సారె పెట్టు" అంది పేరంటాలు, వెదురు బద్దలు అతని ముందు పడేసి. అంత సంసారానికి పాత గంప ఎక్కడ చాలుతుంది? మొగుడూ పెళ్లాలిద్దరూ ఎండెక్కేదాకా కూర్చుని పెద్ద గూడు అల్లారు.

కనుక పిల్లలూ, వేడి ఎవరిచ్చినా గుడ్డు పగులుతుంది. గద్దొచ్చిన వేళ పిలిచే తల్లి ఉంటేనే పిల్ల కోడవుతుంది.