మూడు పున్నముల పాలకుండ

అనగా అనగా, ఏర్లు తమ దారిన తాము పారే కాలంలో, ఏటి ఒడ్డున ఒక రాజ్యం ఉండేది. దాన్ని కువలయుడనే కుర్రరాజు ఏలేవాడు. మంచివాడే, కాని నిన్న నాటింది నేడు కోయాలనే తొందర మనిషి.

ఆ రాజ్యంలో ఒక ఆచారం. ఏరువాక, శ్రావణ, కార్తిక పున్నములకు రాజు ప్రజల ఎదుట పట్టపుటావును స్వయంగా పితకాలి. మూడు చన్నులు పితికి, నాలుగోది దూడకు వదలాలి. కుండ నిండకపోతే కిరీటం దించాలి.

ఏరువాక పున్నమినాడు కువలయుడు నాలుగు చన్నులూ పితికేశాడు. కుండ పొంగింది. జనం జేజేలు కొట్టారు.

"చూశావా అమ్మా! ఇన్నాళ్ళూ ఎంత వృథా చేశారో!" అన్నాడు తల్లి మలయవతితో.

"దూడ కూడా చూస్తోంది నాయనా," అందామె.

ఆ మాట అతని చెవికెక్కలేదు. ఇకపై రోజూ అలాగే పితకమన్నాడు. అదే ఊపులో కాలువ నీళ్ళన్నీ రాజధానికి మళ్ళించాడు. నగరంలో తోటలు విరిశాయి, కొలనులు నిండాయి. కాలువ చివరి ఊళ్ళలో నారుమళ్ళు నెర్రెలిచ్చాయి.

"నగరం పెరిగితే మీరూ పెరిగినట్టే," అన్నాడు మొరపెట్టుకోవచ్చిన రైతులతో. తల లావెక్కితే కాళ్ళకు బలమొస్తుందని ఎవరు చెప్పారో మరి!

శ్రావణ పున్నమికి దూడ డొక్కలు ఎండాయి. కుండ నింపేసరికి రాజుకు చెమటలు పట్టాయి.

కార్తిక పున్నమి వచ్చింది. అడ్డొస్తుందని దూడను దూరంగా కట్టేయించాడు. దూడ లేనిదే ఆవు పాలు చేపుతుందా? తట్టాడు, బుజ్జగించాడు, బతిమాలాడు. చుక్క పాలు రాలలేదు. కిరీటం పోయేలా ఉంది.

సేనాపతి చెవిలో ఊదాడు: "వేరే ఆవు పాలు పోయిస్తాను ప్రభూ. ఎవరికీ తెలియదు."

రాజు తలెత్తాడు. దూడ పలుపు తెంపుకోబోతోంది. దాని వెనకే చివరి ఊళ్ళ రైతులు, అవే ఎండిన డొక్కలతో నిలబడి ఉన్నారు. అతనికి సిగ్గు ముంచుకొచ్చింది.

"ఆవుకు తెలుసు," అని లేచి, తానే పలుపు విప్పాడు. దూడ పొదుగు కుమ్మింది, ఆవు చేపింది. రాజు కుండ పట్టలేదు. దూడ కడుపారా తాగేదాకా నిలబడి చూశాడు.

తర్వాత కిరీటం తీసి తల్లి చేతికిచ్చాడు. "నా కుండ నిండలేదు, దిగుతున్నాను. దిగేముందు ఒక్కటే ఆజ్ఞ. కాలువ తూముల తలుపులు ఎత్తండి. ముందు చివరి ఊళ్ళకు, తర్వాతే నగరానికి."

చివరి ఊరి పెద్దకాపు వీరన్న ముందుకొచ్చాడు. "మాటలు బానే ఉన్నయ్ దొరా. నీళ్ళు మా మడి తాకనీ. అప్పటిదాకా కిరీటం అమ్మగారి దగ్గరే ఉంటది."

కువలయుడు కోపగించలేదు. పంచె ఎగగట్టి, రైతులతో కలిసి తూము తూముకూ వెళ్ళి తలుపులెత్తాడు. నీరు కాలువ కొసన ఉన్న ఆఖరి మడిలోకి పారింది. ఆ బురదగట్టు మీదే, మలయవతి అందించిన కిరీటాన్ని వీరన్న అతని తలపై పెట్టాడు.

దూడ కడుపు మాడ్చి పితికేవాడికి పాలూ దక్కవు, పాడీ దక్కదు.