గరగరలాడిన పాట

నేను ఇంతవరకు ఏదీ రాసి ఎరగను. ఐదో తరగతితో నా బడి ఆగిపోయింది. జాకెట్ల కొలతలు తప్ప కాగితం మీద నేను పెట్టిందేమీ లేదు. మా వీధి పిల్లలు ఈ కథ నా నోట చాలాసార్లు విని, "రత్నమత్తా, రాసి పెట్టవా" అని వెంటపడ్డారు. నలుగురి ముందు మాట్లాడాలంటే నాకు సిగ్గు. రాసేటప్పుడు ఎవరూ ఎదురుగా ఉండరు కదా అని మొదలుపెట్టాను.

చోడవరంలో సింహాద్రి అనే కారు డ్రైవరు ఉండేవాడు. ఏ వస్తువు కాస్త మూలిగినా దాన్ని విప్పి చూసే ఓపిక ఆయనకు ఉండేది కాదు. ఆయన మా ఆయనే.

ఫ్యాను కిర్రుమంటే కొత్త ఫ్యాను తెచ్చేవాడు. మిక్సీ తిరగకపోతే కొత్త మిక్సీ తెచ్చి, పాతది పాత సామాన్లవాడికి ఇచ్చేసేవాడు. పోయింది ప్లగ్గు అని తర్వాత తెలిసేది. "పోనీలే, కొత్తది వచ్చింది కదా" అనేవాడు.

ఆయనకు ఒక తెల్ల కారు ఉండేది. పెళ్ళిళ్ళకు దాన్ని అద్దెకు తిప్పేవాడు. పూలు కట్టి, సన్నాయి పాట పెట్టి, పెళ్ళికూతురినీ పెళ్ళికొడుకునూ కూర్చోబెట్టి ఊరేగినట్టు తీసుకెళ్ళేవాడు. బండి పాతదే అయినా పాట బాగుంటుందని మంచి పేరు.

ఆ ఏడు ఆ పాట చెడింది. వెనక సీటు వెనకాల, అద్దం కింద పలక మీద ఉన్న రెండు స్పీకర్లూ గరగరమనసాగాయి. ఊళ్ళో పెళ్ళి బేరాలన్నీ కుదిర్చే దేముడునాయుడు గారు ఒకరోజు కారెక్కి చెవులు మూసుకున్నారు.

"ఒరే సింహాద్రీ, నీ బండిలో సన్నాయి వాయిస్తన్నారా, మరమరాలు వేయిస్తన్నారా?"

"పాతబడ్డాయి బాబూ."

"మా పెద్దోడి పెళ్ళికి పాట బాగుంటేనే నీ బండి. లేదంటే అనకాపల్లి నుంచి ఇంకోటి పిలుస్తాను. ఈ ముహూర్తాలన్నిటికీ అదే తిరుగుద్ది, తర్వాత నన్ననకు."

మా ఆయన ఒక్క పరుగున స్పీకర్ల కొట్టుకు వెళ్ళాడు. కొట్టు కన్నబాబు కారు కిటికీలోంచి తల పెట్టి విన్నాడు. "స్పీకర్ల లోపలి పొర చిరిగిపోయింది బావా. కొత్తవి వేసెయ్. తక్కువలో కావాలంటే ఇవున్నాయి చూడు" అని ఒక జత చూపించాడు. తక్కువే కానీ, మా చేతిలో ఉన్నదానికి అదీ ఎక్కువే.

ఆ సాయంత్రం మా ఆయన నా కుట్టుమిషన్ వైపు చూశాడు.

అది మా పిన్ని నాకిచ్చిన మిషన్. కాలితో తొక్కేది. నలుగురిలో నోరు విప్పలేని నేను దాని ముందు కూర్చుంటే నా అంతటిది లేదన్నట్టు ఉండేదాన్ని. వీధిలో ఆడవాళ్ళందరికీ జాకెట్లు నేనే కుట్టేదాన్ని.

"వడ్డాదిలో మీ పైడమ్మ వదిన దీన్ని కొంటానని అడుగుతోంది కదే" అన్నాడు మా ఆయన. "ఇప్పటికి ఇచ్చేద్దాం. బేరాలొస్తే నీకు కొత్తది కొంటాను. కరెంటుది! కాలు కూడా ఆడించక్కర్లేదు."

వద్దనాలని ఉన్నా అనలేకపోయాను. మిషన్ తుడిచి, నూనె వేసి, అత్తింటికి పంపే పిల్లను ముస్తాబు చేసినట్టు చేశాను.

మర్నాడు మిషన్ స్టాండు కారు మీద కట్టాడు. మిషన్‌ను వెనక సీట్లో పెట్టాడు. అది దొర్లకుండా పట్టుకోవడానికి పక్కన నేను కూర్చున్నాను. ఎప్పుడూ ముందు సీట్లో కూర్చునేదాన్ని. ఆ కారులో వెనక కూర్చోవడం నాకు అదే మొదలు.

ఊరు దాటి చెరకు తోటల మధ్యకు వచ్చాం. నా మొహం చూసి ఏం తోచిందో, మా ఆయన పాట పెట్టాడు. నా చెవి వెనకే గరగర. అంతలో బండి స్పీడు బ్రేకరు ఎక్కి దిగింది. మెడ మీద ఏదో చిటుక్కున పడింది. పురుగనుకుని దులుపుకున్నాను. అది మిషన్ మీద పడింది. చూస్తే పసుపు రాసిన బియ్యపు గింజ.

ఇంకో గింజ ఎగిరింది. వెనక్కి తిరిగి పలక వైపు చూశాను. స్పీకరు మీద జాలీ కంతల్లోంచి ఏవో పచ్చగా కదులుతున్నాయి.

"ఏవండీ, పాట పెంచండి!"

"ఏటే? ఎప్పుడూ తగ్గించమనేదానివి."

"పెంచండంటుంటే!"

నేను అంత గట్టిగా అనడం ఆయన ఎన్నడూ వినలేదు. బెదిరినట్టు పెంచేశాడు. అంతే, వేడి మూకుడులో పేలాల్లా గింజలు ఎగరడం మొదలుపెట్టాయి. నాకు నవ్వు ఆగలేదు. ఆయన బండి పక్కకు తీసి ఆపాడు.

స్క్రూడ్రైవరు తెచ్చి రెండు జాలీలూ విప్పాడు. లోపల గుప్పెళ్ళ కొద్దీ అక్షింతలు! వాటితో ఎండిన బంతిరేకులు, తళుకు కాగితం ముక్కలు. మా ఆయన ఒక గింజ తీసి వెలుగులో తిప్పి చూశాడు.

"ఇవి ఇందులోకి ఎలా వచ్చాయే?"

"మీరే తోశారు" అన్నాను.

నిజం అదే. దంపతులు కారెక్కగానే పెద్దలు కిటికీల్లోంచి అక్షింతలు వేస్తారు. అక్షింతలు కాలికింద పడకూడదని మా ఆయనకు భయం. అందుకని పెళ్ళి అయిన ప్రతిసారీ సీటు మీదవి చేత్తో ఊడ్చి, భక్తిగా వెనక పలక మీదికి చేర్చేవాడు. తర్వాత తీద్దాం అనుకునేవాడు. ఆ 'తర్వాత' ఎప్పుడూ రాలేదు.

గింజలన్నీ నా చెంగులోకి ఎత్తి, పొర మీద వేలితో మెల్లగా తడిమి చూశాడు. ఎక్కడా చిరగలేదు. పాట పెట్టాడు. సన్నాయి తేనెలా పలికింది.

"కొత్తవి వేసినా ఇంతే అయ్యుండేది కదే" అన్నాడు నెమ్మదిగా. "వాటిలోకీ నేనే తోసేవాణ్ణి. మిషనూ పోయేది, పాటా పోయేది."

ఆయన తల దించుకున్నాడు కానీ, నాకు మాత్రం గుండెల మీది నుంచి బండ దిగినట్టయింది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆయన పైడమ్మ వదినకు ఫోను చేసి, మిషన్ ఇవ్వడం లేదని చెప్పాడు.

"ఆహా! నీ మాట కూడా నీ బండి పాటలాగే ఉందన్నయ్యా!" అని ఆమె చీవాట్లు పెట్టింది. ఎన్ని పెట్టినా ఆయన నవ్వుతూనే విన్నాడు. బండి వెనక్కి తిప్పాడు.

సాయంత్రం దేముడునాయుడు గారు కారులో కూర్చుని పాట విన్నారు. కళ్ళు మూసుకున్నారు, ఈసారి చెవులు కాదు.

"అదీ సంగతి! కొత్తవి బాగా పలుకుతన్నాయిరా."

"పాతవే బాబూ. మీ ఇళ్ళ పెళ్ళి అక్షింతలు బయటకు తీశానంతే."

నాయుడు గారు పొట్ట పట్టుకుని నవ్వారు. పెద్దోడి పెళ్ళికే కాదు, మిగతా ముహూర్తాలకూ మా బండే అన్నారు. దారిన పోతూ ఆగిన కన్నబాబు కూడా తల గోక్కున్నాడు. "చెవితో విన్నాను గానీ కంటితో చూడలేదు బావా" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆ అక్షింతలను ఎవరూ తొక్కని చోట, కరివేపాకు మొక్క మొదట్లో పోశాను. తర్వాత నా మిషన్ ముందు కూర్చున్నాను. మిగిలిన సన్నని వాయిల్ గుడ్డ ముక్కతో, అంచుకు ఎలాస్టిక్ వేసి, రెండు స్పీకర్లకూ రెండు తొడుగులు కుట్టాను. పాట బయటకు వస్తుంది, గింజ లోపలికి పోదు. మా ఆయన వాటిని తొడిగి, లాగి చూసి, "వీటికన్నా మంచి స్పీకర్లు ఏ కొట్లో దొరుకుతాయే?" అన్నాడు.

అందుకే పిల్లలూ, మూలిగే వస్తువును మార్చేసే ముందు అది ఎందుకు మూలుగుతోందో ఒక్కసారి విప్పి చూడాలి.