హమ్మాం తలుపు

తను చేసిన ఘనకార్యాన్ని గురువుగారు ఒక్క మాటైనా మెచ్చుకోలేదని యాసీన్‌కు లోలోపల గుర్రుగా ఉంది.

కాశ్మీరు కొండల్లోని ఆ సూఫీ మఠంలో హమ్మాం చూసుకునే పని అతనిది. హమ్మాం అంటే రాతిపలకలు పరిచిన గది. పలకల కింద అంతా బోలు. గోడ అవతలి నుంచి ఆ బోలులో కట్టెలు మండిస్తే నేల వేడెక్కుతుంది. నేలలో అమర్చిన రాగి కాగులో నీళ్లు కాగుతాయి. పొగ గోడలోని గొట్టం గుండా కప్పు మీదికి పోతుంది. మంచు కురిసే నెలల్లో మఠంలో అందరి నమాజూ అక్కడే, పడకా అక్కడే.

ఈ ఏడు యాసీన్ కప్పెక్కి పొగగొట్టం మూతి దగ్గర చెయ్యి పెట్టి చూశాడు. చురుక్కుమంది. ఇంత వేడిని ఆకాశానికి ధారపోస్తున్నామా అనుకున్నాడు. మూతి మీద పలకరాయి పెట్టి, వేలు దూరేంత సందు మాత్రం విడిచి, చుట్టూ బంకమట్టి మెత్తేశాడు. ఇక చూడండి, కట్టెలు సగానికి సగం మిగిలాయి. తెల్లారినా నేల చల్లారడం లేదు.

అయితే పడుకున్నవాళ్లు తలనొప్పితో లేస్తున్నారు. ఆ ఉదయం సుల్తాన్ జూ అనే ముసలి ఫకీరు ఎంత పిలిచినా లేవనే లేదు. మోసుకెళ్లి వసారాలో చలిగాలికి కూర్చోబెడితే, చాలాసేపటికి కళ్లు తెరిచాడు.

"స్వర్గం దాకా వెళ్లొచ్చావా తాతా?" అన్నాడు వంటవాడు రంజాన్.

"వెళ్లాను. తిండి నీ వంటకంటే నయం" అన్నాడు సుల్తాన్ జూ, వాంతి ఆపుకుంటూ.

అందరూ నవ్వారు. గురువు బద్రుద్దీన్ నవ్వలేదు.

మధ్యాహ్నానికి కనుమదారి మంచుతో మూసుకుపోయింది. దారిలో చిక్కిన బాటసారులు మఠానికి చేరారు. అందులో చంటిపిల్లల తల్లులూ ఉన్నారు. రాత్రికి వాళ్లను హమ్మాంలోనే పడుకోబెట్టాలి. గురువు యాసీన్‌ను వెంటబెట్టుకుని ఆ గదిలోకి వెళ్లాడు.

"సుల్తాన్ జూకు ఏమైంది?"

"ముసలితనం హజ్రత్. ఆ వయసులో నిద్ర అట్లాగే ఉంటుంది."

"మిగతావాళ్ల తలనొప్పి?"

"ఇంత వెచ్చదనం అలవాటు లేక. మీరే చూడండి, పొగ వాసన ఇసుమంతైనా ఉందా?"

"లేదు. కప్పు మీద ఏం చేశావు?"

ఎప్పుడడుగుతాడా అని ఎదురుచూస్తున్న యాసీన్ పలకరాయి సంగతి, మట్టి సంగతి పూసగుచ్చినట్టు చెప్పాడు.

గురువు అంతా విన్నాడు. భుజం మీది కంబళి తీసి, పొద్దున సుల్తాన్ జూ పడుకున్న చోటే పరిచాడు.

"నేను సుల్తాన్ జూ కంటే పెద్దవాణ్ణి. కాస్త కునుకు తీస్తాను. వెళ్తూ తలుపు గట్టిగా వెయ్యి. అతిథుల్ని లోపలికి పంపేముందు వచ్చి లేపు."

గోడవైపు తిరిగి పడుకున్నాడు.

యాసీన్ గడప దాటి తలుపు పట్టుకున్నాడు. సగం దాకా లాగాడు. సందులోంచి గురువు వీపు కనబడుతోంది. ఊపిరికి మెల్లగా లేచి పడుతోంది. కాసేపటికే ఏమవుతుందిలే అనుకున్నాడు. చెయ్యి మాత్రం కదల్లేదు.

"ఇంకా చలిగాలి వస్తోంది" అన్నాడు గురువు, ఇటు తిరక్కుండానే.

"హజ్రత్, బయటికి రండి."

"ఎందుకు? పొగ వాసన లేదన్నావుగా?"

యాసీన్ తలుపు బార్లా తెరిచి, చెప్పులైనా వేసుకోకుండా నిచ్చెన ఎక్కాడు. మడమతో తన్ని పలకరాయిని కిందికి తోసేశాడు. పొగ ఒక్కసారిగా ముఖాన కొట్టింది.

పొయ్యి ఆర్పారు. బోలు కాస్త చల్లారాక లోపలికి దూరి యాసీన్ మసి గీకడం మొదలుపెట్టాడు. తట్టలకు తట్టలు వచ్చింది. పలకల అడుగున అంత మందాన పేరుకుంటే వేడి పైకి ఎక్కేదెట్లా? గొట్టం మీద పడ్డాడే గానీ ఇన్నేళ్లలో ఒక్కసారైనా ఇటు తొంగిచూడలేదు.

చీకటి పడకముందే బయటికి వచ్చి, నల్లటి ముఖంతో గురువు ఎదుట నిలబడ్డాడు.

"ఈ పని ఇంకెవరికైనా అప్పగించండి హజ్రత్. తలుపు దగ్గర పట్టుకున్న భయం ఇంకా నన్ను వదల్లేదు."

"వదలనివ్వకు" అన్నాడు గురువు. "వెళ్లి పొయ్యి ముట్టించు. పిల్లలకు చలేస్తోంది."