మూడంతస్తుల పెళ్లి కేకు

దేవసహాయం అయ్యగారిని ప్రశ్న అడగాలంటే ఆయన శిష్యులు జంకేవారు. ఆయన కోప్పడతారని కాదు, అడిగినవాడి చేతిలో సంచి పెట్టి ఏదో ఒక పనికి తోలేస్తారని. ప్రార్థన అంటే ఏమిటని అడిగిన ఒకతన్ని మూడు రోజులు ఆస్పత్రిలో ఎవరూ లేని రోగి మంచం పక్కన కూర్చోబెట్టారు. వినయం గురించి అడిగిన నన్ను చర్చి వెనక తూము శుభ్రం చేయమన్నారు. చేశాను. వినయం రాలేదు గానీ, ఆ ప్రశ్న మళ్లీ అడగలేదు. ఆయన నలభై ఏళ్లు పాస్టరుగా చేసి, రిటైరయ్యాక చర్చి పక్కనే చిన్న పెంకుటింట్లో ఉంటూ, పాస్టర్లు కాబోయే కుర్రవాళ్లకు వరండాలో పాఠాలు చెప్పేవారు. పాఠాలంటే ఎక్కువగా ఇలాంటివే.

ఒక సోమవారం పొద్దున నతానియేల్ అడిగాడు. ఆ ఏడాది కుర్రవాళ్లలో గొంతు పెద్దది అతనిదే, చదువూ బాగానే ఉంది. "అయ్యగారూ, ప్రభువు కూడా కోపపడ్డాడు. మనకూ కోపం వస్తుంది. ఏది నీతిగల కోపమో, ఏది ఉత్త ఒళ్లుమంటో ఎలా తెలుస్తుందండీ?"

అయ్యగారు జవాబు చెప్పేలోపు బ్యూలా వచ్చింది. బ్యూలా అమ్మా నాన్నా లేని పిల్ల. మిషన్ బాలికల హాస్టల్లో పెరిగి, నర్సు చదువు చదివి, గవర్నమెంటు ఆస్పత్రిలో చేస్తోంది. ఆ శనివారమే ఆమె పెళ్లి. మా వైపు క్రైస్తవుల పెళ్లిళ్లలో ప్రమాణాలయ్యాక కేకు కోస్తారు. వధూవరులు ఒకరి నోట్లో ఒకరు ఒక్కో ముక్క పెట్టాక, మిగతాది పళ్లెంలో పెట్టి పందిట్లో పంచుతారు. ముందు వరసలో సంఘపెద్దలు, వాళ్ల వెనక చుట్టాలు, ఆ వెనక ఊళ్లోవాళ్లు. హాస్టల్ పిల్లలు పాటలు పాడేవాళ్లు కాబట్టి అందరికన్నా వెనక, గోడ వార నిలబడతారు. పళ్లెం అక్కడిదాకా వచ్చేసరికి అందులో కాగితం తప్ప ఏమీ ఉండదు. ఇది మా సంఘంలో అందరికీ తెలుసు. తెలిసీ ఏళ్ల తరబడి ఎవరం నోరెత్తలేదు.

"పద్నాలుగు పెళ్లిళ్లకి పాడానయ్యగారూ" అంది బ్యూలా. "వాసన చూడ్డమే గానీ ముక్క నోట్లో పెట్టుకోలేదు. నా పెళ్లిలో మాత్రం మా పిల్లలు నలభై మందీ తినాలి. ముందు వాళ్లకే పెట్టాలి. కేకు ఎలా ఉన్నా పర్లేదు, పలకలా ఉన్నా పర్లేదు, ముక్కలు రావాలి. నాకు రోజూ డ్యూటీ. ఎవరిచేతైనా ఆర్డరిప్పించండి." అని, తన జీతంలో మిగుల్చుకున్నది ఒక కవర్లో పెట్టి ఆయన చేతికిచ్చింది.

అయ్యగారు ఆ కవరు తీసి నతానియేల్ చేతిలో పెట్టారు. "స్టేషన్ రోడ్డు సూపర్ మార్కెట్లో బేకరీ ఉందట. ఆ అమ్మాయి చెప్పింది విన్నావుగా. వెళ్లి చెప్పిరా."

"మరి నా ప్రశ్నండీ?"

"ముందు కేకు సంగతి చూడు నాయనా."

చర్చి నుంచి స్టేషన్ రోడ్డుకు ఒక్కటే దారి. హాస్టల్ గేటు ముందు నుంచే వెళ్లాలి. నతానియేల్ వెళ్లేసరికి పిల్లలు హాస్టల్ వరండాలో పెళ్లిపాట సాధన చేస్తున్నారు. అతను చెయ్యూపుతూ వెళ్లాడు. సూపర్ మార్కెట్లో పప్పుల బస్తాలూ సబ్బుల వరసలూ దాటి వెళితే వెనక మూలన బేకరీ ఉంది. తలకి వల టోపీ, గుండెమీద మల్లేశ్వరి అని పేరు బిళ్ల పెట్టుకున్న అమ్మాయి ఆర్డర్లు రాసుకుంటోంది. నతానియేల్ బ్యూలా చెప్పింది చెప్పినట్టే చెప్పాడు. అక్కడితో ఆగి ఇంటికొచ్చేసి ఉంటే నాకీ కథ చెప్పే పని ఉండేది కాదు.

గాజుబల్ల మీద ఒక ఆల్బం ఉంది. అందులో మూడంతస్తుల కేకు ఫోటో ఒకటి. తెల్లటి క్రీము, బంగారు రంగు పూలు, పైన వధూవరుల బొమ్మలు. అది చూసేసరికి అతనికి పలకలాంటి కేకు నామోషీ అనిపించింది. పైవారం సంఘపెద్దలు కూర్చుని అతనికి ఏ ఊరి చర్చి ఇవ్వాలో తేల్చబోతున్నారు. వాళ్లంతా ముందు వరసలో ఉంటారు. కేకు తెచ్చింది ఎవరని అడిగితే తన పేరు చెబుతారు.

"ఇదయితే ఎంతవుతుందమ్మా?"

"ఇంచుమించు అంతే సార్. కాకపోతే దీన్లో పైదొకటే కేకు, కింద రెండూ..."

"ఆ వివరాలన్నీ నాకెందుకులే. ఎత్తుగా ఉండాలి, అందరికీ కనపడాలి."

"ముక్కలెక్కువ కావాలన్నారు కదా సార్" అని ఆ పిల్ల మళ్లీ అంది.

"మూడంతస్తులుంటే ముక్కలకేం తక్కువమ్మా" అని నవ్వి, ఆమె నింపిచ్చిన కాగితం మీద చదవకుండా సంతకం పెట్టాడు. తెలియక అడగనివాణ్ని క్షమించవచ్చు. తెలుసనుకుని అడగనివాడి చేతిలో ఇంకొకరి కోరిక పెడితే అంతే సంగతులు.

పెళ్లికి నేనూ వెళ్లాను. మూడో వరసలో కూర్చున్నాను. కేకు నిజంగానే ఎత్తుగా ఉంది, పందిట్లో అందరి కళ్లూ దానిమీదే. వెనక గోడ వార నలభై మంది పిల్లలు తెల్ల వోణీల్లో నిలబడ్డారు. తమకే ముందు పెడతారని బ్యూలా వాళ్లకి చెప్పేసిందట. ఆ రోజు వాళ్లు పాడినంత బాగా ఎప్పుడూ పాడలేదు. వధూవరులు పై అంతస్తు కోసి ఒకరికొకరు తినిపించుకున్నారు. ఫోటోలు దిగారు. అందరూ అక్కడితో కత్తి పక్కన పెడతారు. బ్యూలా పెట్టలేదు. వెనక్కి పంపాల్సిన ముక్కలు కోద్దామని కింది అంతస్తు మీద కత్తి ఆనించింది.

"అక్కడ వద్దు మేడమ్" అన్నాడు ఫోటోగ్రాఫరు. అతను ఇలాంటివి చాలా చూశాడు. ఆమె వినిపించుకోలేదు. గట్టిగా నొక్కింది. కత్తి కిర్రుమంది. క్రీము ఊడి, లోపల్నుంచి తెల్లటి థర్మోకోల్ పూసలు జలజలా ఆమె పెళ్లిచీర మీద రాలాయి. కింది అంతస్తూ, దాని కింది అంతస్తూ అట్టపెట్టెల్లో టీవీ చుట్టూ పెట్టే సరుకే. దానిమీద క్రీము పూసి పెళ్లి కేకని పేరు పెట్టిన పెద్దమనిషి ఎవరో గానీ, వాణ్ని తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

పందిరంతా నవ్వింది. మైకు పట్టుకున్నాయన "కేకు గట్టిది దొరికింది, కాపురం కూడా ఇంతే గట్టిగా ఉండాలి" అన్నాడు. దానికింకా నవ్వారు. బ్యూలా నవ్వలేదు. మిగిలిన పై అంతస్తు ముక్కలు చేయించి, పళ్లెం ఎత్తి "ఇది వెనక్కి పంపండి" అంది. సంఘపెద్ద విమలాకరరావు గారు లేచి, ఎంతో మర్యాదగా ఆ పళ్లెం ఆమె చేతుల్లోంచి అందుకున్నారు. "ముందు పెద్దలమ్మా, తరవాత పిల్లలు. దేనికైనా క్రమం ఉండాలి కదా" అన్నారు. ఆ క్రమం మూడో వరసలో అయిపోయింది. ఆఖరి ముక్కల్లో ఒకటి నా చేతిలో పడింది. నేనూ తిన్నాను. ఈ కథ చెబుతూ కోపం చూపించే హక్కు నాకెంతుందో దాన్నిబట్టి మీరే చూసుకోండి.

కాగితం మిగిలిన పళ్లెం పట్టుకుని బ్యూలా తనే వెనక్కి నడిచి వెళ్లింది. పిల్లల ముందు ఆగింది. పిల్లల్లో పెద్దది, కరుణ అనే అమ్మాయి, ఆమె చీర మీది తెల్ల పూసలు ఒక్కొక్కటే ఏరుతూ "పర్లేదక్కా. మాకు అలవాటేగా" అంది.

ఆ మాట నతానియేల్ చెవిన పడింది. అతనికి నిజంగానే రక్తం ఉడికిపోయింది. అబద్ధం చెప్పను, ఆ పందిట్లో అంత కోపం వచ్చింది అతనొక్కడికే. కుర్చీ తన్నుకుంటూ లేచాడు. ముందు వరస ముందు నుంచే బయటికి నడిచాడు. విమలాకరరావు గారు మూతి తుడుచుకుంటూ కనపడితే, వంగి నమస్కారం పెట్టాడు. పైవారం గుర్తొచ్చి ఉంటుంది. రోడ్డెక్కాక మళ్లీ వేగం పుంజుకున్నాడు. పాట అయిపోయింది కాబట్టి పందిరి వెనక నుంచే బయల్దేరిన పిల్లలు అప్పటికే దారిలో రెండేసి వరసగా హాస్టలుకు నడుస్తున్నారు. అతను వాళ్లను దాటుకుని, వాళ్ల గేటు దాటుకుని, సూపర్ మార్కెట్లోకి వెళ్లి, బేకరీ ముందు నిలబడి గొంతెత్తాడు.

శనివారం మధ్యాహ్నం, కొట్టు నిండా జనం. ప్రసంగాలకి తయారైన గొంతు కదా, నూనె డబ్బాల దగ్గరున్నవాళ్లు కూడా తిరిగి చూశారట. "అనాథపిల్లల నోటి దగ్గరి కూడు లాగేశారు మీరు" అన్నాడు. మల్లేశ్వరి భయపడుతూ ఆర్డరు కాగితం తీసి చూపించింది. 'పై అంతస్తు కేకు, కింది రెండూ ఫోటో కోసం' అని తెలుగులోనే రాసి ఉంది. కింద అతని సంతకం.

"నేను చెప్పబోయాను సార్. మీరే వద్దన్నారు."

తప్పు తనదని తెలిశాక మనిషి గొంతు తగ్గాలి. చాలామందికి అప్పుడే పెరుగుతుంది. నతానియేలుకీ పెరిగింది. మేనేజరు పరుగున వచ్చాడు. అతనికి కావలసింది గొడవ ఆగడం. ఎవరిది తప్పని కూడా అడక్కుండా, అందరి ముందూ ఆ పిల్లతో "సార్‌కి సారీ చెప్పు" అన్నాడు. ఆమె వల టోపీ సర్దుకుని, "సారీ సార్" అంది. ఆ సారీ నతానియేల్ తీసుకున్నాడు. నాకు అన్నిటికన్నా మింగుడుపడనిది ఇదే. మర్నాటి ఆర్డరు కోసం చేసి ఉంచిన పెద్ద పలక కేకు, క్రీమూ పూలూ లేనిది, అచ్చం బ్యూలా అడిగినటువంటిది, మేనేజరు పెట్టెలో పెట్టించి అతనికిచ్చి పంపాడు.

ఆ పెట్టె రెండు చేతులా పట్టుకుని అదే దారిన వెనక్కి నడిచి, నతానియేల్ తిన్నగా అయ్యగారింటికి వచ్చాడు. చెమటతో చొక్కా తడిసిపోయింది, మొహం మాత్రం వెలిగిపోతోంది. అయ్యగారు వరండాలో కూర్చుని కేకు కోసిన కత్తికున్న రిబ్బను విప్పి, గుడ్డతో దాన్ని తుడుస్తున్నారు. భోజనాలకి ఉండిపోయిన నేను ఆ పక్కనే ఉన్నాను.

"సాధించుకొచ్చానండీ" అని పెట్టె ఆయన ముందు పెట్టాడు. "మోసం మోసమేనని మొహం మీదే చెప్పాను. సారీ కూడా చెప్పించాను. సోమవారం నేనడిగిన దానికి జవాబు ఇదేనేమో అయ్యగారూ. ఇది నీతిగల కోపమే కదండీ?"

అయ్యగారు పెట్టె మూత ఎత్తి చూశారు. మళ్లీ మూసేశారు.

"సారీ ఎవరు చెప్పారు?"

"కౌంటర్లో ఉంటుందండీ, ఆ అమ్మాయి."

"ఆమె నీకు ముందు చెప్పలేదా?"

నతానియేల్ చొక్కా చేత్తో మొహం తుడుచుకున్నాడు. "చెప్పబోయిందండీ" అన్నాడు చివరికి.

"విమలాకరరావు గారితో ఏమన్నావు?"

"ఏమీ అనలేదండీ."

"సరే. ఇంత బరువు మోసుకుంటూ వచ్చావు. దారిలో ఏమేం కనపడ్డాయి?"

ఆ ప్రశ్న ఎందుకో అతనికి అర్థం కాలేదు. "దారిలో ఏముంటుందండీ. కోపంలో ఉన్నాను, ఏదీ చూడలేదు" అన్నాడు.

అయ్యగారు తుడిచిన కత్తిని గుడ్డలో చుట్టి పెట్టె మీద పెట్టారు. ఆ పెట్టె ఎత్తి మళ్లీ అతని చేతుల్లోనే పెట్టారు.

"అయితే ఇంకోసారి ఆ దారినే వెళ్లు నాయనా. ఈసారైనా హాస్టల్ గేటు కనపడుతుందేమో చూడు."