తూర్పు రేవు చెలమ

చుట్టూ సముద్రం, నడుమ గుప్పెడు ఇసుక. అదే చిప్పలదిబ్బ. ఆ దీవి మొత్తానికీ మంచినీళ్ల చెలమ ఒక్కటే, నడిమి మెరక మీద. దానికి పెద్ద నక్క. దగ్గరికి ఎవరినీ రానిచ్చేవాడు కాదు. దయ కలిగినప్పుడు తనే చిప్పతో పోసేవాడు.

తూర్పు రేవు మేకకు రెండు పసికూనలు. ఎండలో మెరకెక్కలేక ఒకటి దారిలోనే సొమ్మసిల్లింది. మేక ఇక ఆగలేదు. పీతనూ తాబేలునూ వెంటబెట్టుకుని నక్క దగ్గరికి వెళ్లింది.

"మామా, మా రేవుకు మేమే ఒక సభ పెట్టుకుంటాం. మా చెలమ మేమే తవ్వుకుంటాం."

"ఓస్, అంతేనా? నిక్షేపంగా పెట్టుకోండి! కాకపోతే అమ్మాయ్, నిలువు లోతు తవ్వాలి సుమా. ఉప్పునీళ్లు పడ్డాయో, సభ ఎత్తేసి మళ్లీ నా కిందికే రావాలి."

"తియ్యటివి పడితే?"

"నా చెలమ కూడా ఒక సభకే ఇచ్చేస్తా, పో!" నక్క అందరూ వినేట్టు నవ్వాడు.

రేవుకు రాగానే పీత ఇసుకలోకి దిగబోయింది.

"ఆగు తమ్ముడూ," అంది మేక. చుక్క నీటికి వందసార్లు తిప్పించుకునేవాడు ఇంత తేలిగ్గా ఎలా ఒప్పుకున్నాడు? ఆ సంగతేమిటో తేల్చుకోందే దానికి మనసు నిలవలేదు. దేవుణ్ణి తలుచుకుని, నక్క కునుకు తీసే వేళ మెల్లగా వెళ్లి చెలమలోకి తొంగిచూసింది.

మోకాలి లోతే!

"మరి మనల్ని నిలువు లోతు ఎందుకు తవ్వమన్నట్టు?" అని తిరిగొచ్చి అడిగింది.

"లోతుకెళ్తే సముద్రమే కదా అక్కా! నిలువు లోతున్న నా బొరియలో ఎప్పుడూ ఉప్పునీళ్లేగా," అంది పీత.

"ఇన్నాళ్లూ చెప్పవేం?"

"నాకవే ఇష్టం. ఎవరూ అడగలేదు."

మోకాలి లోతు తవ్వి ఆపేశారు. ఇసుకలోంచి తియ్యటి నీరు నెమ్మదిగా ఊరింది. కూనలు కడుపునిండా తాగాయి.

మర్నాడు నక్క దీవినంతా వెంటేసుకుని వచ్చాడు. "ఏం అమ్మాయ్, గొంతులు మండుతున్నాయా?"

"నువ్వే చూడు మామా," అని మేక చిప్ప అందించింది.

ఒక్క గుక్కకే నక్క మొహం మాడిపోయింది.

"ఇంకాస్త పొయ్యమంటావా?" అంది పీత.

అందరి ముందూ ఇచ్చిన మాటాయె. ఆ సాయంత్రమే నడిమి మెరకకూ ఒక సభ ఏర్పడి, నక్క చెలమ దాని చేతికొచ్చింది. నక్క అలవాటుగా చెలమ దగ్గరికి నడవబోతే తాబేలు అడ్డం నిలిచింది.

"వరస అక్కడుంది నాయనా. గేదె వెనకాల."

నక్క వెళ్లి గేదె తోక వెనకాల నిలబడ్డాడు.

అధికారం చేతికిచ్చి సలహా కూడా చెప్పే పెద్దమనిషి ఆ సలహా తను పాటిస్తున్నాడో లేదో, పుచ్చుకునేవాళ్లు ముందు చూసుకోవాలి.